వరుస మీద బాణం ఆగితే

మార్చి నెలలో మా సత్తెనపల్లి ప్రాంతంలో ఏ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులోనైనా ఓ పూట కూర్చోండి. వచ్చిన ప్రతి రైతూ అడిగేది ఒక్కటే. "నా టిక్కీలు ఎక్కడున్నాయో చూడు బాబూ." గుమాస్తా "చూస్తన్నా బాబాయ్, కూర్చో" అంటూ కంప్యూటర్ వైపు తిరుగుతాడు. తెర మీద పొడుగాటి జాబితా. ఒక్కో వరుసలో లాటు నెంబరు, రకం, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ గది. రకం అన్న చోట 334, 341, 273 అని ఉత్త అంకెలుంటాయి. లేకపోతే తేజ, బ్యాడిగి, ఆర్మూర్, తాలు అని ఒక్కో మాట. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అది చాలు. నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడికి చాలదు. 334 అంటే ఏమిటో, తాలు అని రాసిన లాటును ఎందుకు వేరే గదిలో పెట్టారో అతనికి ఎవరో ఒకరు చెప్పాలి. సీజన్లో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ కుర్రాడు మౌస్ బాణాన్ని 334 ఉన్న వరుస మీద పెట్టి అర సెకను ఆగాడనుకుందాం. బాణం పక్కన చిన్న చీటీ తెరుచుకుంటుంది. "ఎల్‌సీఏ 334. లాం పరిశోధనా కేంద్రం రకం, సన్నం తరగతి. 62 టిక్కీలు. బాండు మార్చి 11న ఇచ్చాం" అని రెండు మూడు ముక్కలు కనిపిస్తాయి. బాండు అంటే సరుకు పెట్టిన రైతుకు కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదు. బాణం జరపగానే చీటీ పోతుంది. క్లిక్ చెయ్యలేదు, మరో తెర తెరవలేదు, జాబితా కదల్లేదు. దీన్నే టూల్‌టిప్ అంటారు. బస్తాకి కుట్టిన చీటీ లాంటిదే ఇది. కావాలనుకున్న వాడు వంగి చదువుకుంటాడు, అక్కర్లేని వాడు దాటిపోతాడు.

ఇంత చిన్నదాని గురించి వ్యాసమా అనిపించవచ్చు. నేను ఈ చుట్టుపక్కల కొట్లకీ, గోడౌన్లకీ చిన్న చిన్న ప్రోగ్రాములు రాసే పనిలో ఉన్నవాణ్ణి. మన ఊళ్లలో వాడే సాఫ్ట్‌వేరు ఎక్కువగా కోడ్ మాటల్లోనూ ఇంగ్లీషు పొడి అక్షరాల్లోనూ మాట్లాడుతుంది. వరుసలో చోటు తక్కువ కాబట్టి అది అలాగే ఉంటుంది. ఆ కోడ్‌ని విప్పి తెలుగులో చెప్పగలిగే చోటు తెర మీద ఏదైనా ఉందంటే అది ఈ చీటీయే. అందుకే దాన్ని సరిగ్గా పెట్టడం నాకు పట్టింపు. పైకి సులువుగా కనిపించే ఈ పనిలో తప్పు చెయ్యడానికి సందులు చాలా ఉన్నాయి.

ముందు పేరు సంగతి. 1991లో ఆపిల్ కంపెనీ తన మెకింటాష్ కంప్యూటర్లకు సిస్టమ్ 7 విడుదల చేసింది. అందులో బెలూన్ హెల్ప్ అనే సదుపాయం పెట్టింది. బొమ్మల కథల్లో మనుషుల మాటలు రాసే బుడగ ఉంటుంది చూడండి, అలాంటిది బాణం దేని మీదికి వెళితే దాని పక్కన లేచేది. ఆలోచన గొప్పది. కానీ బాణం తగిలిన మరుక్షణమే బుడగ లేవడంతో, ఎక్కడికో పోతున్న బాణం దారిపొడుగునా బుడగలు లేపుకుంటూ పోయేది. కొత్త మోజు తీరాక జనం దాన్ని ఆపేసుకున్నారు. ఆ తర్వాత విండోస్ ప్రోగ్రాములు టూల్‌బార్ బొత్తాల మీద పలచటి దీర్ఘచతురస్రపు చీటీ పెట్టాయి, చూపించే ముందు కాస్త ఆగడం నేర్చుకున్నాయి. టూల్‌బార్ మీద పుట్టింది కాబట్టి టూల్‌టిప్ అయింది. బొత్తాం నుంచి జాబితాలోని వరుసకు రావడానికి మాత్రం ఇంకో అడుగు వెయ్యాలి. కష్టమంతా ఆ అడుగులోనే ఉంది.

ఎందుకంటే, బొత్తాం కంప్యూటర్‌కి ఒక వస్తువు. దానికి సొంత హద్దులుంటాయి, "నా మీదికి బాణం వచ్చింది" అని అది చెప్పగలదు. జాబితా అలా కాదు. మన కంటికి మూడు వేల లాట్లు మూడు వేల వరుసలుగా కనిపిస్తాయి గానీ, చాలా డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో కంప్యూటర్‌కి అది ఒకటే పెద్ద పలక. ఆ పలక మీద ప్రస్తుతం కనబడాల్సిన పాతికో ముప్ఫయ్యో వరుసలను గీసి చూపిస్తుంది, మనం కిందికి జరిపితే చెరిపి మళ్లీ గీస్తుంది. 334 అన్న వరుస అక్కడ ఒక వస్తువుగా లేదు. ఉన్నది రంగు చుక్కలే. జాబితా మొత్తానికి ఒకే టూల్‌టిప్ పెడితే, ఎక్కడ ఆగినా "లాట్ల జాబితా" అనే చీటీయే వస్తుంది. అది ఎవరికీ పనికిరాదు.

మరి ఏ వరుస మీద ఆగామో ఎలా తెలుస్తుంది? లెక్క కట్టి తెలుసుకోవాలి. మౌస్ కదిలినప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాముకి ఒక కబురు పంపుతుంది. బాణం పలక ఎడమ అంచు నుంచి ఇన్ని చుక్కలు, పై అంచు నుంచి ఇన్ని చుక్కలు అని. అంతే, అంతకుమించి దానికేమీ తెలియదు. ఒక్కో వరుస ఎత్తు 24 చుక్కలు అనుకుందాం. గుమాస్తా జాబితాని కిందికి జరుపుతూ వచ్చాడు, పైన 4,800 చుక్కల మేర వరుసలు కనబడకుండా పోయాయి. బాణం పలక పై అంచు నుంచి 130 చుక్కల కింద ఆగింది. 4,800కి 130 కలిపితే 4,930. దాన్ని 24తో భాగిస్తే 205 చిల్లర. చిల్లర వదిలేస్తే 205. కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి మన లెక్కలో అది 206వ వరుస. ఈ లెక్క మనం చెయ్యనక్కర్లేదు, ప్రోగ్రాముల తెరలు తయారు చేసే పరికరాల పెట్టెలు (టూల్‌కిట్లు) చాలా వాటిలో ఇందుకు ఒక పద్ధతి ఉంది. విండోస్ ఫారమ్స్‌లో దాని పేరు ఇండెక్స్ ఫ్రమ్ పాయింట్, జావా స్వింగ్‌లో లొకేషన్ టు ఇండెక్స్. ఒక చుక్క ఇస్తే వరుస నెంబరు ఇస్తాయి.

ఇక్కడ మొదటి గొయ్యి ఉంది. జాబితాలో ఏడు వరుసలే ఉన్నాయనుకుందాం, కింద పలక ఖాళీగా ఉంది. బాణం ఆ ఖాళీలో ఆగింది. స్వింగ్ జాబితాను అడిగితే "ఇక్కడేమీ లేదు" అని చెప్పదు. దగ్గర్లో ఉన్న వరుసను, అంటే చివరి దాన్ని చెబుతుంది. దాంతో ఖాళీ జాగాలో చివరి లాటు చీటీ లేస్తుంది. ఏ వరుస మీదా పెట్టకుండానే ఒక రైతు వివరాలు తెర మీద కనిపిస్తాయి. అందుకని నెంబరు రాగానే సంబరపడకూడదు. ఆ వరుసను గీసిన దీర్ఘచతురస్రం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో అడిగి, బాణం నిజంగా దాని లోపల ఉందో లేదో చూసుకోవాలి. బయట ఉంటే చీటీ చూపించకూడదు. రెండే రెండు పంక్తుల కోడ్ అది.

రెండో గొయ్యిలో నేనే పడ్డాను. కొన్నేళ్ల కిందట ఒక గోడౌన్‌కి లాట్ల పట్టిక రాసిచ్చాను. వరుసల మీద చీటీలు పెట్టాను, అందులో రైతు పేరు, ఊరు, బాండు తేదీ. నెల రోజులు బాగానే నడిచింది. తర్వాత వాళ్లు అడిగితే ఏ నిలువు వరుస తల మీద నొక్కితే ఆ ప్రకారం సర్దుకునే ఏర్పాటు చేశాను. ఓ రోజు గుమాస్తా టిక్కీల లెక్క ప్రకారం సర్ది, ఒక లాటు మీద బాణం ఆపి, చీటీలో ఉన్న పేరు చూసి గేటు పాస్ రాశాడు. గదిలోంచి తీసిన బస్తాల మీద గుర్తు వేరే ఉంది. హమాలీ ముఠా మేస్త్రీ గమనించి ఆపాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఒక రైతు కష్టం ఇంకొకరి లారీ ఎక్కేది.

తప్పెక్కడంటే, తెర మీద కనబడే వరుస క్రమం వేరు, లోపల దాచిన సమాచారపు క్రమం వేరు. సర్దినప్పుడు కదిలేది కనబడే క్రమమే. నేను తెర మీద ఐదో వరుస నెంబరు తీసుకుని లోపలి ఐదో లాటు వివరాలు చూపించాను. సర్దక ముందు రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడలేదు. చెయ్యాల్సింది ఏమిటంటే, తెర నెంబరును ముందు లోపలి నెంబరుగా మార్చుకోవాలి. స్వింగ్ పట్టికలో కన్వర్ట్ రో ఇండెక్స్ టు మోడల్ అనేది అందుకే ఉంది. క్యూట్ అనే పరికరాల పెట్టెలో ఈ బాధ చాలా వరకు తప్పుతుంది. అందులో ప్రతి అంశానికీ పాత్రలుంటాయి. చూపించాల్సిన మాట ఒక పాత్ర, పక్కన పెట్టే బొమ్మ ఒక పాత్ర, చీటీలో రాసే మాట మరో పాత్ర. దాన్ని టూల్‌టిప్ రోల్ అంటారు. బాణం ఆగినప్పుడు జాబితాయే వెళ్లి "ఈ అంశానికి చీటీ మాట ఏమిటి" అని సమాచారాన్ని అడుగుతుంది. లాటు ఎక్కడికి కదిలితే దాని చీటీ దాంతోపాటే కదులుతుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటు అన్నిటికన్నా మేలైనది. చీటీ బస్తాకి కుట్టి ఉండాలి. బస్తా పెట్టిన చోటుకి కాదు.

అడిగినప్పుడే చెప్పడం అనే పద్ధతిలో ఇంకో లాభం ఉంది. మూడు వేల లాట్లకు మూడు వేల చీటీలు ముందే రాసి పెట్టుకోనక్కర్లేదు. విండోస్ జాబితా కూడా "ఈ వరుసకు ఏం చూపించమంటావు" అని ప్రోగ్రాముకి కబురు పంపి, జవాబు వచ్చాకే చూపించగలదు. అయితే ఆ జవాబు వెంటనే ఇవ్వాలి. అప్పుడు గనక డేటాబేసుకి పరిగెత్తి వెతకడం మొదలుపెడితే తెర మొత్తం బిగుసుకుపోతుంది. విండోస్ ఫారమ్స్‌లో కొత్తవాళ్లు తరచూ తికమకపడే మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. అక్కడి లిస్ట్‌వ్యూలో ప్రతి అంశానికీ చీటీ మాట రాసుకోవచ్చు, కానీ షో ఐటెమ్ టూల్‌టిప్స్ అనే మీట మొదట్లో ఆపి ఉంటుంది. అది వెయ్యకపోతే ఎంత రాసినా ఏదీ కనపడదు. అదే లిస్ట్‌బాక్స్ అయితే అంశాలవారీ చీటీ అనేదే లేదు, మౌస్ కదలికను పట్టుకుని మనమే లెక్క కట్టాలి. అలా కట్టేటప్పుడు మౌస్ కదిలిన ప్రతిసారీ చీటీ మాట మార్చకూడదు. వరుస నెంబరు మారినప్పుడే మార్చాలి. లేకపోతే చీటీ మిణుకుమిణుకుమంటూ కళ్లు లాగేస్తుంది.

మిణుకుకి మరో కారణం కూడా ఉంది, దీన్ని మొదటిసారి అర్థం చేసుకున్నప్పుడు నాకు ముచ్చటేసింది. చీటీ అనేది జాబితాలో భాగం కాదు, జాబితా మీద తేలే మరో చిన్న కిటికీ. అది సరిగ్గా బాణం కిందే తెరుచుకుందనుకోండి. ఇప్పుడు బాణం జాబితా మీద లేదు, చీటీ మీద ఉంది. జాబితాకి "బాణం వెళ్లిపోయింది" అని కబురు వస్తుంది. చీటీని మూసేస్తుంది. మూయగానే బాణం మళ్లీ జాబితా మీద పడుతుంది. మళ్లీ చీటీ తెరుస్తుంది. ఇలా తెరుస్తూ మూస్తూనే ఉంటుంది. చీటీ ఎప్పుడూ బాణానికి కాస్త కిందుగా, పక్కగా తెరుచుకోవడం అందుకే.

ఎంతసేపు ఆగాలి, ఎంతసేపు ఉంచాలి అనేది ఇంకో ప్రశ్న. విండోస్‌లో మామూలుగా చీటీ రావడానికి పట్టే సమయం డబుల్ క్లిక్‌కి ఇచ్చే గడువంతే, అంటే 500 మిల్లీసెకన్లు, అర సెకను. దానికి పదింతలు, 5 సెకన్లు, తెర మీద ఉంటుంది. పక్క వరుసకు జరిగితే ఐదో వంతు సమయంలోనే కొత్త చీటీ వస్తుంది. ఒకటి చూసినవాడు రెండోది కూడా చూడాలనుకుంటున్నాడని అర్థం కదా. స్వింగ్ 750 మిల్లీసెకన్లు ఆగి చూపించి, 4 సెకన్లకు తీసేస్తుంది. రావడానికి ఆగే సమయంతో నాకు పేచీ లేదు. బెలూన్ హెల్ప్ నేర్పిన పాఠం అది. తీసేసే సమయంతోనే పేచీ. కళ్లద్దాలు సర్దుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివే పెద్దవయసు గుమాస్తాలు మన దగ్గర ఉన్నారు. నాలుగు సెకన్లలో ఆయన మొదటి పంక్తి చివరకు కూడా రాడు. చీటీ మాయం. మౌస్ కదిపి మళ్లీ తెప్పించుకుని మొదటి నుంచి చదవాలి. ఈ గడువు పెంచడానికి ఒక్క పంక్తి రాస్తే చాలు. విండోస్ పాత పరికరంలో ఆ గడువు గరిష్ఠంగా 32,767 మిల్లీసెకన్లు, అంటే ముప్ఫై రెండు సెకన్ల పైమాట. ఆ సంఖ్యను దాచే చోటు అంతవరకే పడుతుంది. 2018లో వచ్చిన వెబ్ అందుబాటు ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ 2.1, ఇలాంటి చీటీలకు మూడు షరతులు పెట్టాయి. చదువరి తనంతట తాను పక్కకు వెళ్లేదాకా చీటీ ఉండాలి, బాణాన్ని చీటీ మీదికి తెచ్చినా పోకూడదు, బాణం కదపకుండానే దాన్ని మూసే దారి ఉండాలి. ఇవి వెబ్ కోసం రాసినవే అయినా డెస్క్‌టాప్‌కి కూడా అక్షరాలా వర్తిస్తాయని నా అభిప్రాయం.

ఇక తెలుగు. చీటీని తెలుగులో రాయగానే కొత్త చిక్కులు మొదలవుతాయి.

పాత ప్రోగ్రాములు చాలా వాటిలో రైతుల పేర్లు యూనికోడ్‌కి ముందు కాలపు ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు పెట్టే ఫాంట్లు అవి. జాబితాకి ఆ ఫాంట్ పెట్టారు కాబట్టి అక్కడ పేరు చక్కగా కనిపిస్తుంది. చీటీ వేరే కిటికీ అని పైన చెప్పాను కదా, దాని ఫాంట్ కూడా వేరే. సిస్టమ్ ఫాంట్. అందులో అదే పేరు అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల దొంతరగా కనిపిస్తుంది. చీటీకి ఫాంట్ మార్చి సరిపెట్టుకోవచ్చు గానీ అసలు మందు సమాచారాన్ని యూనికోడ్‌లోకి మార్చడమే. బెలూన్ హెల్ప్ వచ్చిన 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణమూ వచ్చింది, అందులో తెలుగు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి గౌతమి ఫాంట్‌తో సహా తెలుగు సదుపాయం కంప్యూటర్‌లోనే దొరుకుతోంది. ఇప్పటికీ మార్చకపోవడానికి సాకు లేదు.

రెండోది కత్తిరింపు. చీటీ మరీ పొడవు కాకుండా ఇన్ని అక్షరాల తర్వాత కోసేసి మూడు చుక్కలు పెడతారు. ఇంగ్లీషులో ఎక్కడ కోసినా పెద్దగా తేడా రాదు. మన మిర్చి అన్న మాటను చూడండి. కంటికి రెండక్షరాలు, మి, ర్చి. కంప్యూటర్ లోపల అవి ఆరు ముక్కలు. మ, గుడి, ర, పొల్లు, చ, మళ్లీ గుడి. నాలుగో ముక్క దగ్గర కోస్తే "మిర్" అని పొల్లుతో ఆగుతుంది. ఐదో ముక్క దగ్గర కోస్తే "మిర్చ" అవుతుంది. అలాంటి మాట తెలుగులో లేదు. రైతు పేరు మధ్యలో ఇలా కోస్తే పేరే మారిపోతుంది. ముక్కల లెక్కన కాకుండా పూర్తి అక్షరాల లెక్కన కొయ్యాలి. ఇంకా మంచిది, కొయ్యకుండా తర్వాతి పంక్తిలోకి మడవడం. దీనికీ చెప్పాల్సి ఉంటుంది. విండోస్ చీటీకి గరిష్ఠ వెడల్పు చెప్పకపోతే మొత్తం ఒకే పంక్తిగా సాగదీస్తుంది. స్వింగ్‌లో మాటను హెచ్‌టీఎమ్‌ఎల్‌గా రాస్తే పంక్తులు విరుగుతాయి.

మూడోది ఎత్తు. రాష్ట్రం అని రాస్తే ష కింద ట, దాని పక్కన రకారం. మన వత్తులకు కింద చోటు కావాలి, గుడులకు పైన కావాలి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో పంక్తి ఎత్తు ఖాయం చేసిన చీటీలో వత్తులు తెగిపోతాయి. "పక్క" కాస్తా "పక" అవుతుంది. ఎత్తును అంకెగా రాయకుండా వాడుతున్న ఫాంట్‌నే అడిగి తీసుకోవాలి.

తెర మీది తెలుగు కోసం ఇంత తాపత్రయం ఎందుకంటే, మా సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య గారి ఊరు. 1906లో ఇక్కడే పుట్టారు, ఇక్కడి నుంచే శాసనసభకు వెళ్లారు, గ్రంథాలయోద్యమంలో తిరిగారు, అధికార భాషా సంఘం అధ్యక్షుడిగా ఆఫీసుల్లో తెలుగు నడవడానికి పనిచేశారు. 1992లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన కాలంలో ఆఫీసు కాగితం అంటే ఫైలు, నోటు, అర్జీ. ఇప్పుడు ఈ ఊళ్లో రోజూ ఎక్కువమంది చూసే ఆఫీసు కాగితం కంప్యూటర్ తెర. దాని మీద తెలుగు ఎక్కడ చోటు చేసుకుంటుందన్నది భాషా విధానం కన్నా ఎక్కువగా ప్రోగ్రాము రాసేవాడి చేతిలో ఉంది. వరుసలో 334 అనే ఉండనివ్వండి, మిర్చి మార్కెట్ యార్డంతా ఆ మాటే అంటుంది. కానీ దాని మీద ఆగినవాడికి తెలుగు వాక్యం దొరకాలి. తేజ మీద ఆగితే "సన్నకాయ, ఘాటు ఎక్కువ" అని, బ్యాడిగి మీద ఆగితే "ముడతల కాయ, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ" అని, తాలు మీద ఆగితే "రంగు పోయిన కాయ, మంచి సరుకులో కలపవద్దు" అని.

చీటీలో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. తెలియకపోతే నష్టం జరిగే సంగతి దేన్నీ చీటీలో దాచకూడదు. టిక్కీల లెక్క, తూకం, ధర వరుసలోనే కనబడాలి. పురుగుమందుల కొట్టులో సరుకు జాబితా అయితే విషతీవ్రత చెప్పే రంగు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదైతే అది, వరుసలోనే ఉండాలి. డబ్బా మీద ఆ రంగు త్రికోణాన్ని చట్టం అందరికీ కనబడేలా పెట్టించింది, తెర మీద దాన్ని చీటీ చాటుకు నెట్టే హక్కు మనకు లేదు. పైగా చీటీ అందరికీ అందదు. టచ్ తెర మీద వేలు ఆగడం అనేది లేదు, తాకడం ఉంది, తాకకపోవడం ఉంది. మౌస్ పాడైనప్పుడు బాణపు మీటలతో వరుసలు దిగే గుమాస్తాకి చీటీ లేవదు, మనం ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప. చూపులేనివారికి తెరను చదివి వినిపించే ప్రోగ్రాములకు కూడా ఆ మాటను విడిగా అందించాలి. ఎంచుకున్న వరుస వివరమే జాబితా కింద ఒక పట్టీలో కూడా చూపిస్తే ఈ ముగ్గురికీ సరిపోతుంది. నేనిప్పుడు రాసే ప్రతి జాబితాకీ అలాగే చేస్తున్నాను.

ఈ సీజన్లో మీ కొట్లోనో గోడౌన్లోనో జాబితా తెరిచినప్పుడు రెండు పనులు చేసి చూడండి. టిక్కీల లెక్క ప్రకారం సర్ది, ఒక వరుస మీద బాణం ఆపి, చీటీలో పేరు ఆ లాటు బాండుతో సరిపోయిందో లేదో చూడండి. తర్వాత బాణాన్ని ఆఖరి వరుస కింద ఖాళీలో పెట్టండి. అక్కడ గనక చీటీ లేస్తే, ఆ ప్రోగ్రాము రాసిన వాళ్లకు ఆ రోజే ఫోన్ చెయ్యండి.